జపాన్ హోమ్‌స్టేకి వెళ్ళే స్కూలు పిల్లలకి, పంపే అమ్మానాన్నలకి: సమగ్ర మార్గదర్శి

జపాన్‌లో హోస్ట్ ఇంటివాళ్ళు, అంటే మన పిల్లలకి తమ ఇంట్లో చోటిచ్చే కుటుంబం, మన పిల్లల తప్పుని మొహం మీద చెప్పరు. స్లిప్పర్లతో చాప మీదకి ఎక్కినా, స్నానాల తొట్టిలో నీళ్ళు ఖాళీ చేసేసినా, పెట్టిన చేపని కెలుకుతూ కూర్చున్నా నవ్వి ఊరుకుంటారు. మనవాళ్ళు అది నిజంగా ఫర్వాలేదనుకుని మర్నాడూ అదే చేస్తారు. ఇటు మన పిల్లలూ తక్కువ తినలేదు. కడుపు కాలుతున్నా "వద్దు ఆంటీ, చాలు" అనడం చిన్నప్పటి నుంచీ నేర్పిందే కదా. రెండు మొహమాటాలు ఒక ఇంట్లో చేరితే వారం గడిచినా ఎవరికి ఏం కావాలో ఎవరికీ తెలియదు. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ రెండు విషయాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి: ముందే చెప్పడం, వెంటనే అడగడం.

మొదటి ఆరు సెక్షన్లూ చివరి రెండూ అమ్మానాన్నలకి. ఏడో సెక్షన్ వచ్చాక ఫోన్ పిల్లల చేతికివ్వండి.

1. ఏ ప్రోగ్రాం, ఏ నెలలో

మన దగ్గర్నుంచి స్కూలు పిల్లలు జపాన్ వెళ్ళే దారులు ముఖ్యంగా మూడు. ఒకటి, ఇక్కడి స్కూలుకీ అక్కడి స్కూలుకీ ఒప్పందం ఉండి పది రోజులకో మూడు వారాలకో పిల్లలు అటూ ఇటూ వెళ్ళడం. రెండు, ఏఎఫ్ఎస్, రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్ లాంటి అంతర్జాతీయ విద్యార్థి మార్పిడి కార్యక్రమాలు. వీటిలో ఏడాది దాకా ఉండొచ్చు. మూడు, జపాన్ ప్రభుత్వం జరిపే చిన్న పర్యటనలు: 2007లో మొదలైన జెనెసిస్, 2014లో మొదలైన సకురా సైన్స్. ఈ మూడో రకంలో ఎక్కువ రోజులు హోటల్లోనే గడుస్తాయి, ఇంట్లో ఉండే అవకాశం దొరికినా ఒకటి రెండు రాత్రులే. ఈ గైడ్ ముఖ్యంగా మొదటి రకం కోసం. రెండో రకం వాళ్ళకీ చాలామటుకు పనికొస్తుంది.

డబ్బు కట్టేముందు నిర్వాహకుల్ని నాలుగు ప్రశ్నలు అడగండి. హోస్ట్ కుటుంబాన్ని ఎవరు ఎంపిక చేశారు? వాళ్ళింటికి ఎవరైనా వెళ్ళి చూశారా? అదే ఊళ్ళో ఉండి పిల్లల బాగోగులు చూసే కోఆర్డినేటర్ ఎవరు? ఇంట్లో పొసగకపోతే పిల్లని ఎన్ని గంటల్లో, ఎక్కడికి మారుస్తారు? చివరి ప్రశ్నకి "అలాంటివేం జరగవండీ" అని జవాబొస్తే ఆ ప్రోగ్రాం వదిలేయమనే నా సలహా.

ఇంకో మాట. ఏఎఫ్ఎస్, రోటరీల్లో హోస్ట్ కుటుంబాలకి డబ్బులివ్వరు. ఇష్టపడి తమ ఇంట్లో చోటిస్తున్నారు. పేయింగ్ గెస్ట్‌కి ఉండే హక్కులు అక్కడ ఉండవు. ఇది పిల్లలకి ముందే చెప్పాలి.

ఇక ఎప్పుడు వెళ్ళాలన్నది. జపాన్‌లో బడి ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. మన వేసవి సెలవుల్లో వాళ్ళకి స్కూలు నడుస్తుంటుంది కాబట్టి మే నెల బాగానే కుదురుతుంది. కాకపోతే ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా ‘గోల్డెన్ వీక్’ సెలవులు. ఆ రోజుల్లో టికెట్లూ హోటళ్ళూ దొరకవు. మే చివర్లో చాలా స్కూళ్ళలో టర్మ్ మధ్యలో వచ్చే పరీక్షలుంటాయి, అప్పుడు క్లబ్బులు (క్లాసులయ్యాక పిల్లలు కలిసి ఆటలూ కళలూ నేర్చుకునే బృందాలు) ఆపేస్తారు. జూన్‌లో వానలు. జులై చివరి నుంచి ఆగస్టంతా వాళ్ళ వేసవి సెలవులు, క్లాసు చూసే భాగ్యం ఉండదు. నన్నడిగితే దసరా సెలవులే మంచివి. స్కూలు పండగలూ ఆటల పోటీలూ చాలాచోట్ల ఆ రోజుల్లోనే జరుగుతాయి, ఎండ తగ్గుతుంది. తుపాన్ల కాలం కూడా అదే కాబట్టి తిరుగు ప్రయాణానికి, మన స్కూలు తెరవడానికి మధ్య ఒకటి రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.

2. కాగితాలు, మందులు

మైనర్ పాస్‌పోర్టు సాధారణంగా ఐదేళ్ళకే ఇస్తారు. ఐదో తరగతిలో తీసింది పదో తరగతిలో చెల్లకపోవచ్చు, ముందు అది తీసి చూడండి. 90 రోజుల లోపు ప్రయాణానికి వీసా కావాలంటే అవతలి స్కూలు నుంచి ఆహ్వాన పత్రం, పూచీ పత్రం, రోజువారీ కార్యక్రమం రావాలి. జపాన్ స్కూల్లో ప్రతి కాగితం మీదా ఒకరి తర్వాత ఒకరు ముద్ర వేయాలి కాబట్టి ఇది మెల్లగా సాగే పని, చివరి నెలకి వాయిదా వేయొద్దు. అంతకన్నా ఎక్కువ రోజులైతే సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ అనే పత్రం అక్కడి నుంచి తెప్పించుకున్నాకే వీసా. అలా వెళ్ళినవాళ్ళకి రెసిడెన్స్ కార్డు ఇస్తారు, చిరునామా కుదిరిన 14 రోజుల్లోగా ఆ ఊరి మునిసిపల్ ఆఫీసులో నమోదు చేయించాలి. ఇది కోఆర్డినేటర్ చూసుకునే పనే అయినా గుర్తు చేయండి.

16 ఏళ్ళు నిండినవాళ్ళకి ఎయిర్‌పోర్టులో వేలిముద్రలు తీసుకుంటారు. ఆ వయసు నుంచి పాస్‌పోర్టో రెసిడెన్స్ కార్డో ఎప్పుడూ వెంట ఉండాలని అక్కడి చట్టం. మన అలవాటు ప్రకారం పాస్‌పోర్టుని పెట్టె అడుగున దాచి తాళం వేస్తే కుదరదు.

మందుల దగ్గర చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే కోడీన్ ఒక మోతాదు దాటితే జపాన్‌లోకి తీసుకెళ్ళకూడదు. ఆంఫెటమైన్ ఉన్న మందులైతే డాక్టర్ చీటీ ఉన్నా సరే, పూర్తిగా నిషేధం. మిగతా మామూలు మందులు డాక్టర్ రాసినవి నెల రోజులకి సరిపడా, షాపులో కొన్నవి రెండు నెలలకి సరిపడా తీసుకెళ్ళొచ్చు. అసలు పెట్టెల్లోనే, డాక్టర్ ఇంగ్లీషు చీటీతో పెట్టండి. అమ్మమ్మ కట్టిచ్చిన పేరులేని చూర్ణాల పొట్లాలు మాత్రం ఇంట్లోనే ఉంచండి.

3. పెట్టెలో ఏముండాలి, ఏముండకూడదు

మాంసం ఉన్నదేదీ వద్దు. చికెన్ పచ్చడి, గోంగూర మటన్, ఎండు మాంసం, ఏదైనా సరే, ఎంత గట్టిగా ప్యాక్ చేసినా తీసుకెళ్ళకూడదు. పట్టుబడితే పారేయడంతో ఆగదు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, పళ్ళు, మొక్కలు కూడా అంతే. ఫ్యాక్టరీలో సీల్ వేసిన శాకాహార పచ్చళ్ళు, కందిపొడి, తినడానికి సిద్ధంగా ఉండే ప్యాకెట్లు, వాటి మీద లోపల వేసిన పదార్థాలన్నీ ఇంగ్లీషులో ముద్రించి ఉంటే ఇబ్బంది తక్కువ. కస్టమ్స్ ఫారంలో దాచకుండా రాయండి.

అక్కడ కరెంటు 100 వోల్టులు, ప్లగ్గుకి రెండు చదును పిన్నులు. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లకి పిన్ను మార్చే అడాప్టర్ చాలు. ఇక్కడి హెయిర్ డ్రయర్, కెటిల్ అక్కడ సరిగా పనిచేయవు.

రోజుకి అయిదారు సార్లు బూట్లు విప్పాలి కాబట్టి లేసులు లేనివి కొనండి. చిరుగుల్లేని సాక్సులు ఎక్కువ పెట్టండి, అక్కడ అందరికీ కనిపించేవి అవే. రెండు మూడు చేతిరుమాళ్ళు పెట్టండి. బయటి బాత్‌రూముల్లో చాలాచోట్ల చేతులు తుడుచుకోవడానికి ఏమీ ఉండదు. చలికాలమైతే లోపల వేసుకునే థర్మల్స్ తప్పనిసరి. ఉత్తరాన ఉండే హొక్కైదో లాంటి చోట్ల తప్ప ఇళ్ళలో ఒక్కో గదినే వెచ్చబెడతారు, వరండాలూ టాయిలెట్‌లూ చల్లగా గడ్డకడుతుంటాయి.

డబ్బు విషయానికొస్తే, కార్డుతో పాటు కొంత నగదు యెన్‌లలో ఇవ్వండి. సెవెన్ ఇలెవెన్ దుకాణాల్లోనూ పోస్టాఫీసుల్లోనూ ఉండే ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి. 2024 జులైలో వచ్చిన కొత్త 5,000 యెన్ నోటు మీద ఉన్నావిడ పేరు త్సుదా ఉమెకో. 1871లో ఆరేళ్ళ పిల్లగా ఓడెక్కి అమెరికా వెళ్ళి, అక్కడ ఒక కుటుంబంతో పదేళ్ళకి పైగా ఉండి, తిరిగొచ్చి ఆడపిల్లల కోసం కాలేజీ పెట్టింది. హోమ్‌స్టే పిల్ల బొమ్మని నోటు మీద వేసుకున్న దేశానికి పంపుతున్నారు, మరీ అంత టెన్షన్ పడకండి.

4. తిండి విషయం ఇంట్లోనే తేల్చాలి

చిక్కు ఎక్కడొస్తుందో చెప్తాను. జపాన్ వంటకి ఆధారం ‘దాషి’ అనే రసం. ఎక్కువగా కత్సుఒబుషి అనే ఎండబెట్టిన చేప చెక్కులతో కాస్తారు. మిసో సూప్‌లో అదే, నూడుల్స్ ముంచుకునే పులుసులో అదే, ఉడికించిన కూరగాయల్లో కూడా అదే. కంటికి ముక్క కనిపించదు కాబట్టి వండిన ఆవిడకి అది మాంసాహారమన్న ఊహే రాదు. "మా అమ్మాయి వెజిటేరియన్" అని ఫారంలో రాస్తే చేప పెట్టొచ్చు, సలాడ్ మీద హామ్ చల్లొచ్చు. డబ్బాల్లో దొరికే జపనీస్ కర్రీ ముద్దల్లో చాలావాటిలో గొడ్డు కొవ్వో పంది కొవ్వో ఉంటుంది. జెల్లీల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్. వంటలో వాడే మిరిన్, సాకే అనే బియ్యపు మద్యాల్లో ఆల్కహాల్.

కాబట్టి ఇంట్లో కూర్చుని ఒక్కో పదార్థం పేరు పెట్టి గీత గీయండి: గొడ్డుమాంసం, పంది, కోడి, చేప, రొయ్య, గుడ్డు, చేప దాషి, జెలటిన్, వంటలో వేసే సాకే. ఏది అస్సలు వద్దు, ఏది ముక్క తీసేస్తే ఫర్వాలేదు, ఏది ఇష్టం. ముస్లిం కుటుంబాలైతే పందితో పాటు మిరిన్, సాకే, హలాల్ కాని మాంసం కూడా విడిగా రాయాలి. దాషి దగ్గర మాత్రం పిల్లలతో నిజాయితీగా మాట్లాడండి. చేప రసం కూడా వద్దంటే బతకొచ్చు, కొంబు అనే సముద్రపు నాచుతోనో షీతాకే పుట్టగొడుగులతోనో దాషి చేస్తారు. కానీ ప్రతి పూటా విడిగా వండమని ఆ ఇల్లాలిని అడుగుతున్నామని తెలిసి అడగాలి. మూడు వారాలకి రసం వరకు సర్దుకుంటామనే ఇళ్ళూ ఉన్నాయి, ససేమిరా అనే ఇళ్ళూ ఉన్నాయి. అది మీ ఇష్టం, అక్కడికెళ్ళాక బిడ్డ ఒక్కతే తేల్చుకునే పరిస్థితి మాత్రం తేవద్దు.

గీసిన గీతని జపనీస్ తెలిసినవాళ్ళతో ఒక కార్డు మీద రాయించి, కుటుంబం ఖరారైన వెంటనే పంపండి. దాని కింద తినేవి ఇంకా పెద్ద జాబితాగా రాయండి: అన్నం, టోఫు (సోయా పన్నీరు), పెరుగు, బంగాళాదుంప, క్యాబేజీ, వంకాయ, బెండకాయ, బ్రెడ్, అరటిపండు. వద్దన్నవి మాత్రమే చదివిన హోస్ట్ తల్లికి కంగారు పుడుతుంది, తినేవి చూస్తే ఏం వండాలో తోస్తుంది.

ఒకసారి చెప్పాక మాట మీద నిలబడాలి. ఇంట్లో కోడి తిననని చెప్పి స్కూలు పిల్లలతో కలిసి నగ్గెట్స్ తింటే ఆ సంగతి సాయంత్రానికి హోస్ట్ అక్కయ్య ద్వారా ఇంటికి చేరుతుంది. తన వంటే నచ్చలేదనుకుంటుంది హోస్ట్ తల్లి.

5. ఏం తీసుకెళ్ళి ఇవ్వాలి

ఖరీదైనవి ఇస్తే వాళ్ళకి తిరిగి ఇవ్వాలన్న భారం. చిన్నవి, మన ఊరివి, చక్కగా చుట్టినవి బాగుంటాయి. ఏటికొప్పాక బొమ్మలు నా మొదటి ఎంపిక. జపాన్ ఈశాన్యంలో కొకేషి అనే బొమ్మల్నీ ఇలాగే చెక్కని లేతు మీద తిప్పి చేస్తారు, కాబట్టి చేతిలోకి తీసుకోగానే పని విలువ తెలుస్తుంది. పోచంపల్లి ఇక్కత్ స్కార్ఫ్, కలంకారీ సంచి, చేర్యాల మాస్క్, అరకు కాఫీ పొడి కూడా మంచివే. ఆత్రేయపురం పూతరేకులు తేలికగా ఉంటాయి, చూడ్డానికి వింతగా ఉంటాయి. నలగకుండా గట్టి డబ్బాలో, చేతి సామానులో తీసుకెళ్ళండి. స్కూల్లో పంచడానికి విడివిడిగా చుట్టిన చాక్లెట్లో చిక్కీలో ఒక ప్యాకెట్ చాలు. నాలుగు అంకె అక్కడ అశుభం కాబట్టి ఏదీ నాలుగు చొప్పున ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో. వాళ్ళు మీ ఎదురుగా విప్పకపోతే నచ్చలేదని కాదు.

6. భాష: ఎంత నేర్చుకుంటే చాలు

హిరగానా, కతకానా అక్షరాలు 46 చొప్పున ఉంటాయి. రోజూ అరగంట కూర్చుంటే నెలలోపు వస్తాయి, స్టేషన్ల పేర్లూ మెనూలూ కొంత చదవొచ్చు. వాక్యం మన వాక్యంలాగే క్రియతో ముగుస్తుంది, విభక్తులు కూడా పదం వెనకే వస్తాయి. తెలుగులో ఆలోచించి చెప్పడమే తేలిక, మధ్యలో ఇంగ్లీషుని దూర్చొద్దు. అనువాద యాప్‌లో జపనీస్‌ని ఇంటర్నెట్ లేకుండా పనిచేసేలా ముందే దించుకోండి.

ఇంటివాళ్ళతో రోజూ వాడేవి ఇవి:

- పొద్దున లేచి: ఒహాయో గొజాయిమాస్
- తినేముందు: ఇతదకిమాస్. తిన్నాక: గొచిసోసమా
- బయటికెళ్తూ, వెళ్ళొస్తానని: ఇత్తెకిమాస్
- ఇంటికొచ్చి, వచ్చేశానని: తదైమా
- పడుకునేముందు: ఒయాసుమినసాయ్
- ఇలా చేయొచ్చా అని సైగతో చూపిస్తూ అడగడానికి: ఈదెస్‌క

చివరిది అన్నింటికన్నా ఎక్కువ వాడాలి.

7. మొదటి సాయంత్రం

ఇక్కడి నుంచి నీకోసం. ఫోన్ నీ చేతికొచ్చిందనుకుంటాను.

తలుపు తీయగానే కింద ఒక పల్లపు జాగా ఉంటుంది, గెన్‌కాన్ అంటారు. బూట్లు అక్కడ విప్పి, సాక్సులతో ఆ పల్లంలో కాలు పెట్టకుండా నేరుగా పైకి ఎక్కాలి. తర్వాత వంగి బూట్లని గుమ్మం వైపు తిప్పి పెట్టు. పైన స్లిప్పర్లు ఇస్తారు. తతామి అనే గడ్డి చాపల గదిలోకి వెళ్తే అవీ విప్పాలి. టాయిలెట్‌లో వేరే స్లిప్పర్లుంటాయి, అవి వేసుకుని హాల్లోకి వచ్చేయడం ఇంచుమించు ప్రతి అతిథీ చేసేదే.

ఆ సాయంత్రమే ఇల్లంతా తిప్పి చూపించమని అడుగు. అడుగుతుంటే ఫోన్‌లో నోట్ చేసుకో: పొద్దున ఎన్నింటికి లేవాలి, రాత్రి ఎన్నింటికల్లా ఇంట్లో ఉండాలి, స్నానం ఎవరి తర్వాత ఎవరు, బట్టలు ఎక్కడ వేయాలి, ఫ్రిజ్ నేను తీయొచ్చా, వైఫై పాస్‌వర్డ్, ఏ గదుల్లోకి వెళ్ళకూడదు, భూకంపం వస్తే ఎక్కడికి. ఈ అరగంట ఇంటర్వ్యూ తర్వాతి రోజుల్లో సగం ఇబ్బందుల్ని తీసేస్తుంది. ఇన్ని ప్రశ్నలు వేస్తే ఏమనుకుంటారో అని సందేహించకు. వాళ్ళంతట వాళ్ళు నియమాలు చెప్పడం మొరటని వాళ్ళకి అనిపిస్తుంది, అడిగితే మాత్రం సంతోషంగా చెప్తారు.

స్నానం గురించి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువు. తొట్టి ఒళ్ళు రుద్దుకోవడానికి కాదు, నానడానికి. ముందు బయట చిన్న స్టూల్ మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి, నురగంతా కడిగేసుకుని, జుట్టు పైకి ముడేసుకుని, అప్పుడు వేడినీళ్ళ తొట్టిలో దిగాలి. ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్ళలో దిగుతారు. అందుకే అంత శుభ్రంగా దిగడం. బయటికొచ్చాక బిరడా తీయకు, మూత వేసి రా. మర్నాడు ఆ నీళ్ళతో బట్టలు ఉతికే ఇళ్ళు కూడా ఉన్నాయి. మొదటి రోజు అతిథిగా నిన్నే ముందు వెళ్ళమంటారు, వెళ్ళిపో. దిగబుద్ధి కాకపోతే, లేదా నెలసరి రోజులైతే, షవర్ చాలని చెప్పు, ఎవరూ కారణం అడగరు. ప్యాడ్‌లు కాగితంలో చుట్టి టాయిలెట్‌లో ఉండే చిన్న డబ్బాలో వేయాలి, ఆ డబ్బా కనిపించకపోతే హోస్ట్ అమ్మని అడుగు.

టాయిలెట్ సీటుకి నీళ్ళు చిమ్మే మీటలుంటాయి కాబట్టి మనకి ప్రాణం లేచొస్తుంది. నొక్కేముందు ఆపే మీట ఏదో కనుక్కో. వాడిన కాగితం బుట్టలో కాదు, టాయిలెట్‌లోనే వేసి నీళ్ళు వదలాలి.

నేల మీద ఫుతాన్ పరుపు అయితే పొద్దున్నే మడిచి అల్మారాలో పెట్టాలి. మంచమైతే దుప్పటి సర్దు. గది తలుపు రోజంతా మూసుకుని ఫోన్ చూస్తూ కూర్చుంటే నీకు వాళ్ళు నచ్చలేదనే అనుకుంటారు. నిద్రపోయేదాకా హాల్లో ఉండు, హోంవర్క్ కూడా అక్కడే చేసుకో. మాటలు రాకపోయినా పక్కన కూర్చుని టీవీ చూడటం కూడా కబుర్ల కిందే లెక్క.

8. కంచం దగ్గర, వంటింట్లో

అన్నం గిన్నె చేత్తో పైకెత్తి పట్టుకుని తినాలి. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చకు. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించుకోకు. రెండూ అక్కడ చావు కర్మల్లో చేసేవి. చాప్‌స్టిక్స్ రాకపోతే స్పూన్ అడుగు. అన్నం మెతుకులు వదలకు. తినలేననుకుంటే వడ్డించకముందే కొంచెమే పెట్టమని చెప్పు.

పొరపాటున చేప వచ్చిందనుకో. మొహం చిట్లించకుండా, దాచిపెట్టకుండా, కార్డు చూపించి "సుమిమాసెన్" (క్షమించండి) అని చెప్పి పక్కకి జరుపు. ‘దైజోబు’ (ఫర్వాలేదు) అన్న మాట జాగ్రత్తగా వాడు. ఇంకొంచెం వడ్డించనా అన్నప్పుడు ఆ మాటంటే చాలు, వద్దు అనుకుంటారు. ఆకలేస్తే తలూపి "హై, ఒనెగైషిమాస్" (అవును, పెట్టండి) అను.

తిన్న గిన్నెలు సింక్ దగ్గరికి చేర్చు. జూనియర్ హైస్కూళ్ళలో చాలాచోట్ల మధ్యాహ్నం భోజనం స్కూలే పెడుతుంది, హైస్కూల్లో మాత్రం ఎక్కువమంది ఇంటి నుంచి బెంతో అనే భోజనం డబ్బా తెచ్చుకుంటారు. అది కట్టడానికి హోస్ట్ అమ్మ అందరికన్నా ముందు లేచి ఉంటుంది. సాయంత్రం రాగానే డబ్బా తీసి, కడిగి ఇవ్వు. రాత్రి బ్యాగులో మర్చిపోయి మర్నాడు పొద్దున తీయడం కన్నా చిరాకు పుట్టించే పని ఆ ఇంట్లో ఇంకోటి ఉండదు.

ఒకరోజు "మీ కూర వండిపెట్టవా" అని అడుగుతారు. పెద్ద పెద్ద వంటకాల జోలికి పోకు. నిమ్మకాయ పులిహోర చేయి. వాళ్ళ బియ్యం జిగురుగా ఉంటుంది కాబట్టి నీళ్ళు తగ్గించి వండి, పళ్ళెంలో ఆరబెట్టి కలుపు. తాలింపు వేసేటప్పుడు మూత అడ్డం పెట్టు, లేదంటే ఆవాలు చిటపటలాడి మెరిసే గోడలన్నీ నూనె అవుతాయి. ఎక్జాస్ట్ ముందే వేయి; ఎండుమిరపకాయ పొగకి ఇళ్ళలో ఉండే అలారం మోగుతుంది. కారం నీకు చప్పగా అనిపించేంత వెయ్యి. బియ్యం, నూనె, నిమ్మకాయల్లాంటివి తప్ప మిగతా సరుకులు అక్కడి సూపర్‌మార్కెట్‌లో దొరకవేమో. టోక్యో దగ్గరైతే నిషి-కసాయ్, షిన్-ఒకుబోల్లో మన దుకాణాలున్నాయి.

చెత్త వేయడం ఒక చదువే. కాల్చే చెత్త, ప్లాస్టిక్, సీసాలు, డబ్బాలు వేర్వేరు, వేర్వేరు రోజుల్లో తీసుకెళ్తారు. ప్లాస్టిక్ సీసాకి మూతా, పైన చుట్టిన లేబులూ తీసి కడిగి పడేయాలి. బయట వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు ఉండవు, చాక్లెట్ కాగితాలు జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకో.

9. స్కూల్లో

మొదటి రోజు క్లాసు ముందు నిలబడి పరిచయం చేసుకోమంటారు. ఇంత చాలు: "హాజిమెమాష్తె. (నీ పేరు) దెస్. ఇందో నొ హైదరాబాదో కరా కిమాష్త. యొరొష్కు ఒనెగైషిమాస్." అంటే: మొదటిసారి కలుస్తున్నాం, నా పేరు ఇది, ఇండియాలోని హైదరాబాదు నుంచి వచ్చాను, నన్ను మీలో కలుపుకోండి. తర్వాత వంగి నమస్కారం. పేరు పొడుగైతే రెండు అక్షరాల ముద్దుపేరు ముందే అనుకో.

మెరిసే కమ్మలు, ముక్కుపుడక, గోళ్ళరంగు, రంగేసిన జుట్టు చాలా స్కూళ్ళలో నిషేధం. ముక్కుపుడక తీయడం మీ ఇంట్లో కుదరదంటే కోఆర్డినేటర్ ద్వారా ముందే రాయించు. గోరింటాకు వెళ్ళేముందు పెట్టుకోకు. తెలియనివాళ్ళు పచ్చబొట్టు అనుకుంటారు, వేడినీటి ఊటల స్నానాలకి తీసుకెళ్తే లోపలికి రానివ్వకపోవచ్చు.

స్కూలు గుమ్మం దగ్గర బూట్లు అరలో పెట్టి లోపల తిరిగే బూట్లు వేసుకుంటారు. క్లాసులయ్యాక పిల్లలే గదులూ మెట్లూ ఊడ్చి తుడుస్తారు. నిన్ను అతిథి కదా అని కూర్చోమంటే కూర్చోకు, చీపురు అందుకో. నలుగురితో మాట కలవడానికి అంతకు మించిన చోటు లేదు. తర్వాత క్లబ్బులు. ఆట రాకపోయినా సరే, కొట్టే డ్రమ్ము అయినా, పట్టే కుంచె అయినా, ఏదో ఒకటి ఎంచుకుని రోజూ అదే క్లబ్బుకి వెళ్ళు. క్లాసులో పాఠం ఎలాగూ అర్థం కాదు, స్నేహాలు క్లబ్బులోనే అవుతాయి. బ్యాడ్మింటన్ వచ్చినవాళ్ళ అదృష్టమే అదృష్టం.

సైకిల్ మీద స్కూలుకెళ్ళే ఊరైతే హెల్మెట్ పెట్టుకో. మనలాగే ఎడమవైపు నడపాలి. ఇద్దరెక్కడం, గొడుగు పట్టుకుని తొక్కడం నేరం. ఫోన్ చూస్తూ తొక్కితే 2024 నవంబరు నుంచి జైలు శిక్ష దాకా ఉంది. రైల్లో ఫోన్ మాట్లాడకు, సైలెంట్‌లో పెట్టు.

ఇంట్లోవాళ్ళ ఫొటో, ఇంటి ఫొటో, క్లాసులో పిల్లల ఫొటో ఇన్‌స్టాలో పెట్టేముందు ఒక్కొక్కర్నీ అడుగు. మొహాలు బయటపెట్టడం అక్కడ చాలామందికి ఇష్టం ఉండదు. ఇది కూడా నీకు ఎవరూ చెప్పరు.

10. ఇబ్బంది వస్తే

పోలీసులకి 110, అంబులెన్స్‌కీ ఫైరింజన్‌కీ 119. వీటితో పాటు కోఆర్డినేటర్ నంబరు, హోస్ట్ ఇంటి చిరునామా కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టులో పెట్టు, ఫోన్ చార్జింగ్ అయిపోయినా పనికొస్తుంది.

చిన్న భూకంపాలు మామూలే. ఫోన్లన్నీ ఒక్కసారి మోగితే బల్ల కింద దూరి తల కాచుకో, బయటికి పరిగెత్తకు. రాత్రి మంచం పక్కన స్లిప్పర్లు పెట్టుకో, పగిలిన గాజు మీద కాలేయకుండా. సముద్రం దగ్గరి ఊరైతే గట్టిగా ఊగిన వెంటనే ఎత్తు ప్రదేశానికి. ఊపు ఆగగానే "బాగున్నాను" అని ఇంటికి ఒక్క మెసేజ్ పెట్టు. నీకు వెయ్యి కిలోమీటర్ల దూరంలో వచ్చినా ఇక్కడి టీవీల్లో జపాన్ మొత్తం ఊగిపోయినట్టే చూపిస్తారు.

ఇంట్లో ఎవరైనా నీకు నచ్చనట్టు ముట్టుకున్నా, గదిలోకి అడగకుండా వస్తున్నా, రాత్రుళ్ళు మద్యం తాగి మాట్లాడుతున్నా అది సంస్కృతి తేడా కాదు. అదే రోజు కోఆర్డినేటర్‌కీ అమ్మానాన్నలకీ చెప్పు. సర్దుకుపొమ్మన్న సలహాలన్నీ తిండికీ నిద్రకీ సంబంధించినవి, దీనికి కాదు. అమ్మానాన్నలతో ఒక గుర్తు మాట అనుకుని వెళ్ళు. ఫోన్‌లో ఆ మాట వినగానే వాళ్ళు కోఆర్డినేటర్‌కి కాల్ చేస్తారు.

11. ఫోన్ కాల్స్ (మళ్ళీ అమ్మానాన్నలకి)

జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. మీరు రాత్రి భోజనాలయ్యాక పదింటికి తీరిగ్గా చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. మన సాయంత్రం ఐదున్నర అక్కడ రాత్రి తొమ్మిది. అదే మంచి వేళ. మొదటి రోజు చేరినట్టు కబురు, తర్వాత రెండు రోజులకొకసారి పదిహేను నిమిషాలు చాలు. "ఏం తిన్నావ్, కడుపు నిండిందా" అని రోజూ అడిగితే నిండిన కడుపు కూడా ఖాళీగా అనిపిస్తుంది. మూడో రోజో నాలుగో రోజో ఏడుపు గొంతుతో ఫోన్ వస్తుంది. వినండి, వెంటనే టికెట్లు వెతకకండి. నిద్ర, తిండి, ఒంటరితనం, భయం. ఇందులో ఏది అని నెమ్మదిగా కనుక్కోండి. మొదటి మూడూ రెండు రోజుల్లో తగ్గుతాయి. నాలుగోదైతే పదో సెక్షన్ చూడండి. హోస్ట్ తల్లికి వీడియోలో ఒక్కసారి నమస్కారం పెట్టండి. రోజూ ఆవిడని లైన్లోకి లాగకండి.

12. తిరిగొచ్చాక, వాళ్ళ పిల్లలు మనింటికొచ్చాక

వారంలోపు చేత్తో రాసిన ఉత్తరం, ఇంటివాళ్ళతో దిగిన ఒకటి రెండు ఫొటోలు ప్రింటు తీసి పంపండి. డిసెంబరులో కొత్త సంవత్సరం కార్డు పంపితే ఇంకా సంతోషిస్తారు, జనవరి 1న అందే ఆ కార్డుల్ని వాళ్ళు ఏడాదంతా దాచుకుంటారు.

ఒప్పందం రెండువైపులదీ అయితే కొన్నాళ్ళకి వాళ్ళమ్మాయి హైదరాబాదో విజయవాడో వస్తుంది. మన వంతు. విడి గది లేకపోయినా విడి మంచం, తలుపు గడియ పడే బాత్‌రూము ఉండాలి. టాయిలెట్ కాగితం కొని పెట్టండి, బకెట్టూ మగ్గూ ఎలా వాడాలో నవ్వకుండా చూపించండి. తాగడానికీ పళ్ళు తోముకోవడానికీ సీసా నీళ్ళు. మొదటి మూడు రోజులు బయటి పానీపూరీ వద్దు. ఇడ్లీ, పెరుగన్నం, ముద్దపప్పు, నెయ్యితో మొదలుపెట్టి కారం మెల్లగా పెంచండి. ఇల్లు చూడ్డానికి చుట్టాలందర్నీ ఒకే సాయంత్రం పిలవకండి.

అన్నింటికన్నా ముఖ్యమైనది వడ్డన. కంచంలో మిగల్చడం తప్పని ఆ పిల్ల కష్టపడి ఖాళీ చేస్తుంది. ఖాళీ కంచం చూసి ఆకలిగా ఉందనుకుని మీ అత్తగారు ఇంకో గరిటె వేస్తారు. ఆ పిల్ల అదీ తింటుంది. వద్దని చెప్పడం ఆ పిల్లకి నేర్పలేరు కాబట్టి గిన్నెలు బల్ల మీద పెట్టి ఎవరికి వాళ్ళు వడ్డించుకునే పద్ధతి మొదటి పూట నుంచే పెట్టండి. అత్తగారికి ముందే చెప్పి ఉంచండి.